రూపుమాపు: ఒక క్రియాపదం పుట్టుపూర్వోత్తరాలు

‘కొత్త చొక్కా అప్పుడే మాపుకున్నావా?’ అని తల్లి పిల్లవాణ్ణి కోప్పడుతుంది. ‘అవినీతిని రూపుమాపుతాం’ అని నాయకుడు వేదిక మీద ప్రతిజ్ఞ చేస్తాడు. రెండు వాక్యాల్లోనూ వినపడేది ఒకే క్రియ. మొదటిచోట మాపడమంటే మురికి చేయడం. రెండోచోట మురికిని బొత్తిగా లేకుండా చేయడం. ఇది చాలదన్నట్టు ‘మాపటికి వస్తా’ అన్నప్పటి మాపు సాయంకాలం. ఒకే రెండక్షరాల మాటలో మురికి, వినాశనం, చీకటి ఎలా కలిసి కాపురం చేస్తున్నాయన్నది తెలుగు మాటల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి రావలసిన ప్రశ్నే. కాని మనం రోజూ వాడే మాటలను ప్రశ్నించడం అరుదు. కావ్యాల్లో తారసపడే కఠినపదానికి పట్టే పట్టింపు పత్రికల్లో అరిగిపోయిన మాటకు పట్టదు.

పాత నిఘంటువులు ఈ విషయంలో కొంతవరకే తోడ్పడతాయి. బ్రౌన్ నిఘంటువు (1852) గాని, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) గాని అర్థాలు చెప్పడానికి పుట్టినవి. ఒక అర్థం నుంచి మరో అర్థానికి ఉన్న దారి చూపించడం వాటి పని కాదు. ఆ దారి వెతకాలంటే ముందు తెలుగు వ్యాకరణంలోంచి, తరవాత పక్కింటి భాషల్లోంచి వెళ్ళాలి.

వ్యాకరణంతో మొదలుపెడదాం. మాపు అన్నది మాయు అనే అకర్మక క్రియకు సకర్మక రూపం. ఈ అల్లిక తెలుగులో బాగా పాతది: తడియు–తడుపు, కలియు–కలుపు, తెలియు–తెలుపు, మేయు–మేపు, పాయు–పాపు. తనంత తాను జరిగే పనికి ‘యు’, ఒకరు జరిపించే పనికి ‘పు’. ఈ వరుసలో మాయు–మాపు అతికినట్టు సరిపోతుంది. ఈ క్రియల భూతకాలపు రూపాలు కూడా ఒకే తీరున నడుస్తాయి: తడిసి, కలిసి, తెలిసి, మేసి, పాసి, మాసి. కనక ‘మాసిన బట్టలు’ అనడంలోని మాసిన, ‘మాయని మచ్చ’ అనడంలోని మాయని, ‘రూపుమాపు’లోని మాపు పైకి ఒకే ధాతువుకు చెందినట్టు కనిపిస్తాయి. పాపు అన్న మాటను ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు తాపాలను, దుఃఖాలను ‘పాపేవారు’. ఇప్పుడు ఆ క్రియ ఎడబాపు వంటి ఒకటి రెండు సమాసాల్లో తప్ప వినపడదు. తొలగించడమనే అర్థంలో మాపు గతీ అదే: విడిగా చెల్లదు, ‘రూపు’ అనే తోడు ఉంటేనే నిలుస్తుంది.

మాయు అన్న అకర్మక క్రియ సంగతి మరీ విచిత్రం. ఈనాటి తెలుగులో అది దాదాపు వ్యతిరేకార్థంలోనే బతికి ఉంది. మాయని మచ్చ అంటాం, మాయని గాయం అంటాం, మాయని మమత అని సినిమాకు పేరు పెట్టుకున్నాం. కాని మచ్చ ‘మాయుతుంది’ అని ఎవరూ అనరు. పోతుంది అంటారు, లేదా మాసిపోతుంది అంటారు. ఒక క్రియ తన నిషేధరూపంలో మాత్రమే నిలిచి ఉండడం భాషల్లో కొత్త కాదు. అయితే ‘నశించు’ అన్న అర్థం గల క్రియ ‘నశించని’ అనే రూపంలో మాత్రమే నశించకుండా మిగలడం చూస్తే ఎవరికైనా కాస్త నవ్వు వస్తుంది.

ఇక పక్కింటి భాషలు. తమిళంలో మాయ్ అంటే కనుమరుగగు, నశించు, చనిపోవు. దాని సకర్మక రూపం నేటి తమిళ పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది: ఒక మనిషి ఆత్మహత్య చేసుకుంటే ‘ఉయిరై మాయ్త్తుక్కొండార్’ అని రాస్తారు, ప్రాణాన్ని మాపుకున్నాడని. మలయాళంలో మాయుక అంటే చెరిగిపోవు, మసకబారి కనపడకుండా పోవు. దాని సకర్మకం మాయ్‌క్కుక. బడిలో పంతులు నల్లబల్ల మీది రాతను తుడిచేసే పనికి మలయాళీలు వాడేది ఈ క్రియే. కన్నడంలో మాయు అంటే గాయం మానడం. కాలం గాయాలన్నిటినీ మాపుతుందని వాళ్ళూ అంటారు. తమిళుడు ప్రాణాన్ని, మలయాళీ రాతను, కన్నడిగుడు పుండును మాపుతున్నారు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది స్పష్టమే: ఇంతసేపూ కంటికి కనపడుతున్నది కనపడకుండా పోవడం. చంపడం, చెరపడం, నయం చేయడం అన్నవి ఆ మూలార్థం మీద ఒక్కొక్క భాష కట్టుకున్న గదులు. తెలుగు కట్టుకున్న గది రూపుమాపు. నాలుగు భాషల్లోనూ చక్కగా నిలిచే ఈ సామ్యాన్ని బట్టి ఇది మూలద్రావిడ సంపద అనడానికి సందేహించనక్కరలేదు.

అయితే బట్టల మురికి మాటేమిటి? తమిళ మాయ్‌కు మురికి అన్న అర్థం లేదు. మలయాళ మాయుకకూ లేదు.

ఇక్కడ ఒక అందమైన వివరణ సిద్ధంగా ఉంది. తెల్లబట్ట వెలుగు తగ్గితే మాసింది. పగలు వెలుగు తగ్గితే మాపయింది. రాత వెలుగు తగ్గితే మాసిపోయింది. మనిషి వెలుగు ఆరిపోతే మాయడమైంది. కాబట్టి మాయడమంటే మూలంలో ‘వెలుగు తగ్గడం’, మిగిలిన అర్థాలన్నీ దాని కొమ్మలు. ఇలా చెబితే సభలో చప్పట్లు కొడతారు. కాని పదవ్యుత్పత్తి విషయంలో అందంగా ఉన్న కథకు అందుకోసం అదనపు మార్కులు ఉండవు. ఈ కథకు అడ్డం పడుతున్నది కన్నడం. అక్కడ మాయు వేరు, మాసు వేరు. గాయం మానడానికి మొదటిది. బట్ట మురికి కావడానికి, రంగు వెలియడానికి రెండోది. కన్నడిగుల ‘మాసిద బట్టె’ మన మాసిన బట్టే. తమిళంలో కూడా మాసు అన్న నామం మచ్చకు, మలినానికి వేరుగా ఉంది. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి పేరులో ఈనాడు కాలుష్యానికి పెట్టుకున్న మాట ఆ మాసే. రెండు పొరుగు భాషలు వేరువేరుగా ఉంచుకున్న రెండు మాటలు తెలుగులో ఒకటిగా కనిపిస్తున్నాయంటే, ఒకటి రెండుగా చీలిందనడం కన్నా తెలుగులో రెండు ఒకటిగా కలిశాయనడం సులువు.

కలిసిన తీరు కూడా ఊహించవచ్చు. తెలుగులో ఒకప్పుడు మురికి కావడానికి మాసు వంటి క్రియ ఉండేదనుకుందాం. దాని భూతకాల రూపం మాసి. కనుమరుగు కావడానికి ఉన్న మాయు భూతకాల రూపం కూడా, పైన చెప్పిన నియమం ప్రకారం, మాసి. బట్టల గురించి మనం ఎక్కువగా మాట్లాడేది అవి మాసిన తరవాతే కనక ఆ రూపమే చెవిలో పడుతూ ఉంటుంది. చేసి అన్నదానికి చేయు ఎలాగో, కోసి అన్నదానికి కోయు ఎలాగో, మాసికి మాయు అలాగే అని జనం అనుకున్నారు. మాసు అన్న పాత రూపం అక్కరలేకుండా పోయింది. మాయు వచ్చాక దాని వెంట ‘మాపు’ తయారు కావడానికి అడ్డేమీ లేదు. ఇలా చొక్కా మాపుకోవడం, రూపు మాపడం పుట్టుకతో సంబంధం లేకపోయినా ఒకే ఇంటిపేరుతో చలామణీ అవుతున్నాయి. ఇది నా అభిప్రాయం. మాసు అన్న రూపానికి తెలుగులో సాక్ష్యం చూపమంటే మాసి అన్న రూపం తప్ప చూపలేను. ఆ సాక్ష్యం రెండు పక్షాలకూ సమానంగా పనికివస్తుంది. కాని కన్నడ, తమిళాలు ఇస్తున్న సాక్ష్యం మాత్రం ఒకే పక్షానికి.

సాయంకాలపు మాపు గురించి ఇంత నమ్మకంగా చెప్పలేం. అది రేపుకు జంట. రేపు అన్న మాటకు మొదటి అర్థం తెల్లవారు. రేపకడ అన్న పాత మాటలో అది ఇప్పటికీ కనపడుతుంది. రేపు రానురాను ‘మరుసటి రోజు’గా జరిగిపోయింది గాని మాపు ఉన్నచోటే ఉంది. పొద్దు కనుమరుగయ్యే వేళ కనక మాపు అనుకోవచ్చు. నలుపును, చీకటిని సూచించే తమిళపు మాల్, మాలై, మాయోన్ వంటి మాటల కుటుంబంలో చేర్చనూవచ్చు. తమిళులు తిరుమాలును మాయోన్ అనడం ఆయన నల్లనివాడు కనకనే గాని మాయలు చేస్తాడని కాదు. నేనైతే రెండో వైపు మొగ్గుతాను. ఈ వ్యాసానికి ఆ తీర్పుతో పెద్ద అవసరం లేదు.

మాయలంటే గుర్తొచ్చింది. మాపు, మాయు, మాయమగు అన్నవన్నీ సంస్కృతపు మాయలోంచి వచ్చాయని చెప్పేవారు ఉన్నారు. మాయుకు సంబంధించి ఇది నిలవదు. ధ్వనిలోను, అర్థంలోను, రూపసిద్ధిలోను అది నాలుగు ద్రావిడ భాషల్లోనూ దేశీయ క్రియలాగానే ప్రవర్తిస్తోంది. మాయమగు సంగతి ఇంకొంచెం చిక్కు. మాయ అన్న నామం సంస్కృతం నుంచి వచ్చిందే. ఋగ్వేదంలో దానికి అద్భుతశక్తి, నేర్పు అన్న అర్థాలు. వేదాంతానికి వచ్చేసరికి భ్రాంతి. కనపడకుండా పోవడం అన్నది దాని సహజార్థం కాదు. హిందీలో మాయ ఉంది గాని, మనిషి కనపడకుండా పోతే ‘గాయబ్’ అంటారు, ‘లుప్త్’ అంటారు, మాయ అయ్యాడనరు. తెలుగులో, కన్నడంలో మాత్రం మాయమవుతారు. గారడీవాడు రూపాయిని మాయం చేసిన దృశ్యంలోంచి ఈ అర్థం దానంతట అదే పుట్టిందనవచ్చు. కాని ఉత్తరాది గారడీవాళ్ళూ రూపాయలను మాయం చేశారు కదా, అక్కడెందుకు పుట్టలేదు? దక్షిణాదిలో కనుమరుగు కావడానికి మాయు అనే సొంత క్రియ అప్పటికే ఉంది కనక, బయటి నుంచి వచ్చిన మాయ ఆ వేసి ఉన్న పీట మీద కూర్చుందని నా నమ్మకం. మాట సంస్కృతానిది, అర్థం మనది.

రూపు సంగతి తేలిక. సంస్కృత రూపం తద్భవమై రూపు అయింది. రూపుకట్టు, రూపుదిద్దు, రూపుదాల్చు అన్నవి దాని తోబుట్టువులు. రూపుమాపులో ఆలోచించదగ్గది ఏమిటంటే అది మాపేది రూపును మాత్రమే, పేరును కాదు. రెండింటినీ కలిపి తీసెయ్యడానికి మనకు ‘నామరూపాలు లేకుండా చేయు’ అన్న వేరే పలుకుబడి ఉంది. అది తాత్త్వికుల దగ్గర నుంచి వచ్చింది. ఉపనిషత్తుల్లో జగత్తు విడివడేది నామరూపాలుగానే. బౌద్ధుల ద్వాదశ నిదానాల్లో నామరూపం నాలుగోది. ఒక వస్తువు ఉందనడానికి పేరు, ఆకారం అనే రెండు గుర్తులు చాలునన్నప్పుడు, ఆ రెండూ పోతే వస్తువు పోయినట్టే. రూపుమాపడం అంత దూరం వెళ్ళదు. కంటి ముందున్న ఆకారం చెరిగిపోయిందంటుందే గాని, అది తిరిగి మొలవదని ఎక్కడా హామీ ఇవ్వదు.

ఆ హామీ ఇచ్చే మాట నిర్మూలన. మూలం అంటే వేరు. వేరుతో సహా తీసెయ్యడం. ఇంగ్లీషు ఎరాడికేట్ వెనక ఉన్న లాటిన్ రాడిక్స్ కూడా వేరే. ఇంగ్లీషులో రాడిష్ ఆ రాడిక్స్ నుంచే వచ్చింది. సంస్కృతంలోనూ ముల్లంగికి మూలకమని పేరు. రెండు చోట్లా పీకి పారెయ్యవలసిన వేరూ, పీకి తినవలసిన వేరూ ఒకే మాట నుంచి మొలిచాయి. అచ్చ తెలుగులో దీనికి సమానమైనది పెకలించడం. కూకటివేళ్ళతో పెకలిస్తామని మన పత్రికలు ఇప్పటికీ రాస్తుంటాయి. ఇవి రైతు మాటలు. గడ్డిని పైపైన కోస్తే మళ్ళీ వస్తుందని, వేరు తీస్తే రాదని తెలిసినవాడి మాటలు. రూపుమాపు రైతు మాట కాదు. దాని వెనక ఉన్న చిత్రం మలయాళీ పంతులు తుడిచే నల్లబల్ల. తుడిచాక రాత ఉండదు. బల్ల ఉంటుంది, సుద్ద ఉంటుంది.

ఈ తేడాను మన అనువాదకులు, విలేకరులు పట్టించుకోరు. రూపుమాపడం, నిర్మూలించడం, తుదముట్టించడం, తుడిచిపెట్టడం వారికి ఒకే సంచిలోని గోలీలు. చేతికి ఏది దొరికితే అది. వాక్యంలో ఒక మాట రెండుసార్లు రాకూడదన్న బడినాటి భయంతో ఒకే వార్తలో నాలుగూ వాడతారు. కథలోనైతే దీనివల్ల నష్టం లేదు. ప్రజారోగ్యంలో ఉంది.

1997లో బెర్లిన్‌లోని దాలెమ్‌లో అంటువ్యాధుల మీద జరిగిన ఒక సదస్సు ఈ విషయంలో కొన్ని మెట్లను నిర్వచించింది. వ్యాధిని భరించగలిగిన స్థాయికి తగ్గిస్తే అది నియంత్రణ; ఇంగ్లీషులో కంట్రోల్. ఒక ప్రాంతంలో కొత్త కేసులు సున్నాకు తెస్తే ఎలిమినేషన్. ప్రపంచమంతటా సున్నాకు తెచ్చి, ఇక జాగ్రత్తలు కూడా అక్కరలేని స్థితికి వస్తే ఎరాడికేషన్. ఆ క్రిమి ప్రకృతిలోనే కాదు, ప్రయోగశాలలో కూడా లేకుండా పోతే ఎక్స్‌టింక్షన్. తెలుగులో మొదటిదానికి నియంత్రణ అన్న మాట స్థిరపడింది. మిగిలిన మూడింటికీ నిర్మూలన ఒక్కటే.

మశూచిని చూడండి. భారతదేశంలో చివరి కేసు 1975లో. ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. ఇది చరిత్రలో మనిషి పూర్తిగా గెలిచిన మొట్టమొదటి వ్యాధి. మన పాఠ్యపుస్తకాలు దీన్ని మశూచి నిర్మూలన అంటాయి. కాని ఆ వైరస్‌ను అమెరికాలో అట్లాంటాలోను, రష్యాలో కోల్ట్‌సోవోలోను రెండు ప్రయోగశాలల్లో ఈనాటికీ దాచి ఉంచారు. అంటే మూలం ఉంది. వేరును అలాగే సీసాలో పెట్టి తాళం వేసుకుని నిర్మూలన అనడం ఆ మాటకు అన్యాయం. జరిగింది అక్షరాలా రూపుమాపడమే. ఊళ్ళలో, ఇళ్ళలో, మనుషుల ఒంటి మీద ఆ వ్యాధి ఆకారం కనపడకుండా పోయింది. స్ఫోటకం వచ్చి బతికి బయటపడిన ముసలివాళ్ళ ముఖాల మీది గుంటలు మాత్రం చివరి దాకా మాయలేదు. దాలెమ్ మెట్లలో ఎరాడికేషన్‌కు రూపుమాపడం, ఎక్స్‌టింక్షన్‌కు నిర్మూలన అని పెట్టుకుంటే తెలుగు మాటలు ఇంగ్లీషు వాటికన్నా నిక్కచ్చిగా పనిచేస్తాయి. ఎలిమినేషన్‌కు తొలగింపు చాలు. తొలగడమంటే పక్కకు జరగడమే కదా. పక్క ఊళ్ళో ఉండవచ్చు, తిరిగి రావచ్చు.

మాటను పెద్దది చేసి ముందే వాడుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మలేరియా ఉంది. దోమకు, మలేరియాకు ఉన్న లంకెను 1897లో రోనాల్డ్ రాస్ నిరూపించింది సికింద్రాబాదులోనే కనక ఈ కథలో మనకూ పాలుంది. భారత ప్రభుత్వం 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. డి.డి.టి. చల్లడంతో కేసులు గబగబా తగ్గాయి. ఆ ఉత్సాహంలో 1958లో కార్యక్రమం పేరులో నియంత్రణ తీసేసి నిర్మూలన పెట్టారు. 1965 నాటికి దేశం మొత్తానికి సుమారు లక్ష కేసులే మిగిలాయి. పని పూర్తయినట్టే అనుకున్నారు, పట్టు సడలించారు. దోమలు డి.డి.టి.కి అలవాటుపడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. పేరులో మాత్రం నిర్మూలన 1999 దాకా అలాగే ఉండిపోయింది. ఆ తరవాతే ‘మలేరియా వ్యతిరేక కార్యక్రమం’ అని కాస్త తగ్గి చెప్పుకున్నారు. కుష్ఠు వ్యాధిదీ ఇదే కథ. ప్రతి పదివేల మందికి ఒక కేసు కన్నా తక్కువ అన్న లక్ష్యాన్ని దేశస్థాయిలో 2005 డిసెంబరులో అందుకున్నాం. ఇంగ్లీషులో దీన్ని ‘ప్రజారోగ్య సమస్యగా ఎలిమినేషన్’ అన్నారు, అదే తిరకాసు మాట. తెలుగులో కుష్ఠు నిర్మూలన అయిపోయిందని జనం నమ్మారు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్ఠు కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోవే. పోయిందనుకున్న రోగానికి ఎవరూ పరీక్ష చేయించుకోరు. ఒంటి మీద స్పర్శలేని మచ్చ కనపడినా అది మరేదో అనుకుంటారు. అనువాదంలో దొర్లిన ఒక మాట వల్ల ఒక మనిషి వేళ్ళు పోగొట్టుకోవడం అతిశయోక్తి కాదు.

వ్యాధుల తరవాత మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా రూపుమాపేవి దురాచారాలను. కందుకూరి వీరేశలింగం సాంఘిక దురాచారాలను రూపుమాపాడన్న వాక్యం చదవకుండా తెలుగు మాధ్యమంలో బడి దాటినవారు ఉండరు. ఆయన 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు, వెలిని తట్టుకున్నాడు, ఇంటినే ఆశ్రయంగా మార్చాడు. ఇవన్నీ చేసినా బాల్యవివాహాలు ఆగలేదు. ఆయన పోయిన పదేళ్ళకు 1929లో శారదా చట్టం తేవలసివచ్చింది. ఆ చట్టం వచ్చాక కూడా ఆగలేదు. రూపుమాపాడని రాయడం ఆయనకు గౌరవం అనుకుంటాం గాని నిజానికి అది ఆయన ఎదుర్కొన్నదాన్ని చిన్నది చేయడం. ఒక మనిషి బతికుండగా చెరిగిపోగలిగినంత పలచటి రాత కాదది.

కన్యాశుల్కం ఇంకా మంచి ఉదాహరణ. గురజాడ నాటకం మొదటి కూర్పు 1897లో అచ్చయినప్పుడు ఆడపిల్లను డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టడం ఒక సమస్య. ఆ ఆచారం క్రమంగా పోయింది. ఆడపిల్ల తరపువారే డబ్బు ఇచ్చి పెళ్ళి చేయవలసిన ఆచారం దాని స్థానంలో బలపడింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కట్నం దానికి లొంగలేదు, సముద్రాలు కూడా దాటింది. ఇక్కడ ఉన్న మనలో చాలామందికి ఆ లెక్కలు డాలర్లలో తెలుసు. కన్యాశుల్కం రూపుమాసిందా, రూపు మారిందా? తెలుగులో ఒక్క అక్షరం తేడా.

చట్టాలు చేసే పనికి మన భాషలో వేరే మాట ఉంది: రద్దు. అది అరబీ మాట, తిప్పికొట్టడం, తోసిపుచ్చడం దాని అర్థం. కచేరీల ద్వారా వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1948లో ఎస్టేటుల చట్టం వచ్చినప్పుడు జమీందారీ రద్దు అయిందన్నారు. హైదరాబాదులో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఎవరూ రూపుమాపారనలేదు. ఆ రోజుల్లో మాటలు వాడినవారికి ఒక సంగతి తెలుసు: కాగితం మీద పుట్టిన హక్కును కాగితం మీద కొట్టేయవచ్చు, దానికి రద్దు చాలు. మనుషుల అలవాట్లలో ఉన్నది రద్దుకు అందదు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసిన అయిదేళ్ళకే, 1955లో, దాన్ని పాటించేవారిని శిక్షించడానికి మరో చట్టం చేయవలసి రావడమే ఇందుకు రుజువు. రద్దయినదాన్ని ఎవరూ పాటించకపోతే శిక్షలతో పనేముంది?

కంప్యూటర్లతో పనిచేసే చదువరులకు ఒక చిన్న ముచ్చట. డిలీట్ అన్న మీటకు తెలుగులో తొలగించు అని పెట్టారు. ఎవరు పెట్టారో గాని సరైన మాట. మామూలుగా మనం ఫైలును డిలీట్ చేస్తే పోయేది జాబితాలోని దాని పేరు. డిస్కు మీది అక్షరాలు, వాటిపైన వేరే రాత పడేదాకా, ఉన్నచోటే ఉంటాయి. అంటే పేరు పోయి రూపు మిగులుతుంది. రూపుమాపడానికి ఇది సరిగ్గా తలకిందులు. పాత హార్డ్‌డిస్కును పారేసేముందు దాని మీద సున్నాలు రాసేవారు చేసేదే అసలైన రూపుమాపడం, మలయాళీ అర్థంలో.

రూపు మాసి పేరు మిగిలిన దానికి కూడా తెలుగులో ఒక ఉదాహరణ ఉంది. నారికురుపు. చెరువుల్లో, దిగుడుబావుల్లో నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాదికి కాలిలోంచి దారంలాగా మూరెడు పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. తెగితే పుండు చీము పట్టేది. మందు లేదు, టీకా లేదు. నీళ్ళు బట్టలో వడగట్టుకోవడం, నారికురుపు ఉన్న కాలితో బావిలో దిగకుండా చూడడం, దిగుడుబావులను చేదబావులుగా మార్చడం వంటి పనులతోనే అది పోయింది. 1996లో రాజస్థాన్‌లో చివరి కేసు కనిపించింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి దాని నుంచి విముక్తి కలిగిందని ధ్రువపత్రం ఇచ్చింది. ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో ఆ పురుగు ఇంకా ఉంది కనక అది నిర్మూలన కాదు. తెలుగునాట మాత్రం దాని రూపు మాసింది. నిఘంటువుల్లో ‘నా’ అక్షరం కింద ఆ మాట ఉంది. ఈ తరంలో దాన్ని వెతుక్కునేవారికి పక్కనున్న అర్థం చదివినా కళ్ళకు ఏమీ కట్టదు.